చిప్పు నుంచి క్విక్ షేర్ దాకా: మన వీడియోలు నడిచిన దారి

ఈసారి పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మిరప పువ్వులో దూరే నల్ల తామర పురుగు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది. 2021-22లో మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టలోనే కాదు, గుంటూరు, ఖమ్మం వైపు కూడా తోటల్ని పీకించింది అదే. పువ్వు విప్పి దగ్గరగా వీడియో తీస్తే మన ఫోనులో అది కదలడం కూడా తెలుస్తుంది. అదే వీడియో వాట్సాప్‌లో అవతలి మనిషికి చేరేసరికి నల్ల మచ్చ అయిపోతుంది. మచ్చని చూసి తామర పురుగో, పేనుబంకో ఎవరు మాత్రం ఏం చెప్తారు? మందు తప్పితే డబ్బూ మనదే, పంటా మనదే. కాబట్టి వీడియో చెడకుండా ఒక ఫోను నుంచి ఇంకో రకం ఫోనుకి చేరడం షోకు కాదు, సేద్యంలో పనే.

మొదట మనకి తెలిసిన దారి చిప్పు, అంటే మెమరీ కార్డు. 2005 ప్రాంతంలో గోరంత మైక్రో ఎస్‌డీ కార్డులు వచ్చాయి. సెల్లు షాపుకి పోతే పాటలు, సినిమాలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. ఆ చిప్పు నోకియాలో పెట్టినా, చైనా సెట్టులో పెట్టినా పనిచేసేది. ఏ కంపెనీ అని అడిగేది కాదు. తీసిన వీడియో తీసినట్టే చేరేది.

రెండోది బ్లూటూత్. 1990ల్లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ మొదలుపెట్టింది. 1998లో నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా దానితో కలిశాయి. వెయ్యేళ్ళ కిందటి డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు పెట్టారు. విడివిడి తెగల్ని కలిపిన రాజు కాబట్టి, విడివిడి యంత్రాల్ని కలిపేదానికి ఆ పేరు. పాటకి అది చాలు. వీడియోకి చాలదు. ఇప్పటి ఫోనులో ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ అవుతుంది. బ్లూటూత్ సెకనుకి పావు ఎంబీ లాగడమే గొప్ప. ఐదు నిమిషాల వీడియోకి తక్కువలో తక్కువ ఇరవై నిమిషాలు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది, అందరం వాట్సాప్‌లో పడ్డాం. అప్పట్లో వీడియోకి 16 ఎంబీ హద్దు. అందులో ఇమడాలంటే నొక్కి నొక్కి చిన్నది చెయ్యాలి. నొక్కినప్పుడు ముందు పోయేవి చిన్న చిన్న వివరాలే, అంటే మన పురుగే.

అదే రోజుల్లో షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు ఊరూరా పాకాయి. నెట్టు అక్కర్లేదు, ఫోనుకీ ఫోనుకీ మధ్య వైఫై కట్టి నిమిషాల్లో సినిమా దాటించేవి. ఐఫోనుకి కూడా పనిచేసేవి. గల్వాన్ గొడవ తర్వాత 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. దేశ భద్రత సంగతి అది, తప్పుపట్టను. కానీ రెండు రకాల ఫోన్లకీ మధ్య మనం వాడే వంతెన ఆ రోజుతో పోయింది.

మిగిలింది ఎవరి గట్టు వాళ్ళది. ఐఫోనుకి 2013 నుంచి ఎయిర్‌డ్రాప్ ఉంది, అది ఆపిల్ వాటి మధ్యనే. 2020 ఆగస్టులో గూగుల్ నియర్‌బై షేర్ తెచ్చింది, అది ఆండ్రాయిడ్ వాటికి. 2024లో శామ్‌సంగ్‌తో కలిపి క్విక్ షేర్ అని పేరు మార్చారు. ఐఫోనులో చిప్పు పెట్టే చోటు మొదటి నుంచీ లేదు. బ్లూటూత్ ఉన్నా ఆండ్రాయిడ్‌కి ఫైలు పంపదు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేసే పిల్లలు ఐఫోనుతో ఇంటికొస్తే, ఒకే మంచం మీద కూర్చున్న తండ్రీకొడుకులు వీడియో ఇచ్చిపుచ్చుకోలేని పరిస్థితి. రేడియో తరంగాలకి ఈ తేడా తెలియదు. గట్టు వేసింది కంపెనీలు, ఫోను మార్చకుండా మనల్ని కట్టేసుకోడానికి.

ఇప్పుడా గట్టుకి గండి పడుతోంది. యూరప్ చట్టం పుణ్యమా అని 2023 ఐఫోను 15 నుంచి అందరి ఛార్జరు పిన్నే దానికీ వచ్చింది. ఒకే పెన్‌డ్రైవ్ రెండింటికీ పెట్టుకోవచ్చు. 2025 నవంబరులో గూగుల్ తన పిక్సెల్ 10లో క్విక్ షేర్‌ని ఎయిర్‌డ్రాప్‌తో మాట్లాడించింది. మన చేతుల్లో ఉండే పది, పదిహేను వేల ఫోన్లకి అది ఎప్పుడొస్తుందో చూడాలి.

అందాకా ఆగక్కర్లేదు. వాట్సాప్‌లోనే వీడియోని గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంటుగా పంపండి. నొక్కదు, ఉన్నది ఉన్నట్టు పోతుంది. 2022 నుంచి 2 జీబీ దాకా పడుతుంది. పక్కనే ఉన్న మనిషికైతే లోకల్‌సెండ్ అని ఉచిత యాప్ ఉంది, ఇద్దరూ వేసుకుని ఒకరి హాట్‌స్పాట్‌కి ఇంకొకరు కలిస్తే చాలు, డేటా ఖర్చు లేదు. ఐఫోను వీడియో పాత ఆండ్రాయిడ్‌లో తెరుచుకోకపోతే, ఆ ఐఫోను కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌కి వెళ్ళి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టి మళ్ళీ తీయమనండి.

గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళకి చూపించినా, వరదకి మునిగిన చేను అధికారులకి చూపించినా, మొదట తీసిన అసలు వీడియో మాత్రం ఫోనులోంచి చెరపకండి. పంపిన నకలు మసకబారినా, సాక్ష్యం మన దగ్గరుంటుంది.