ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు

పాత ఫ్లోరసెంట్ ట్యూబు ఆకారంలోనే ఉండి, పాదరసపు ఆవిరికి బదులు అర్ధవాహక చిప్పులతో వెలిగే దీపం ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు. ఇళ్లలో వాడే నాలుగడుగుల రకం సాధారణంగా 18 నుంచి 20 వాట్లది.

విప్పి చూస్తే లోపల ఉండేది తక్కువే: సన్నటి పట్టీ మీద వరుసగా అతికించిన పసుపు చుక్కలు, వాటి వేడిని లాగే అల్యూమినియం, ఒక చివర చిన్న డ్రైవర్ సర్క్యూట్, పైన పాలరంగు కప్పు. చుక్కలు పసుపుగా కనిపించినా లోపలి చిప్పు పుట్టించేది నీలి కాంతి. పైన పూసిన ఫాస్ఫర్ అందులో కొంత పీల్చుకుని పసుపు కాంతిగా వదులుతుంది. మిగిలిన నీలం దానితో కలిసి కంటికి తెలుపవుతుంది. ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా ఇంటి దీపానికి పనికిరాలేదు. ప్రకాశవంతమైన నీలం కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

ఎల్‌ఈడీకి కావలసింది డీసీ. 230 వోల్టుల ఏసీని డ్రైవర్ డీసీగా మార్చి, కరెంటును అదుపులో ఉంచుతుంది. లో వోల్టేజీ ఊళ్లలో పాత ట్యూబుకూ దీనికీ తేడా బాగా తెలుస్తుంది. పాత ట్యూబుకు స్టార్టరు కొట్టుకుంటూ ఉంటే రెండు చివరలూ ఎర్రబడేవి తప్ప వెలుగు వచ్చేది కాదు. మంచి డ్రైవరున్న ఎల్‌ఈడీ 150 వోల్టుల దగ్గరా నిలకడగా వెలుగుతుంది. చవక రకాల మీద ఆ నమ్మకం పెట్టుకోలేం.

పొదుపు లెక్క సులువే. 36 వాట్ల పాత ట్యూబుకు రాగి చోక్ తినే పన్నెండు వాట్లు కలిపితే 48. దాని చోట 20 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి రోజుకు ఆరు గంటలు వాడితే ఏడాదికి 60 యూనిట్లకు పైగా మిగులుతాయి. పైగా వెలుగంతా కిందికే పడుతుంది. పైకప్పు వైపు వృథా కాదు. పగిలినా పాదరసం భయం లేదు.

పెట్టె మీద రాసే 25,000 గంటలు మాత్రం జాగ్రత్తగా చదవాలి. సాధారణంగా అది వెలుగు 70 శాతానికి తగ్గేందుకు పట్టే కాలం. నిజానికి చాలా ట్యూబుల్లో ముందు పోయేది చిప్పు కాదు, డ్రైవర్‌లోని కెపాసిటరు. దాని శత్రువు వేడి. రేకుల కప్పు కింద, గాలాడని ఫిట్టింగులో బిగిస్తే ఆ అంకె కాగితానికే పరిమితం.

పాత ట్యూబు ఫిట్టింగులోనే వాడదలిస్తే చాలా రకాలకు చోక్, స్టార్టరు తీసేసి వైరింగు మార్చాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇవ్వాలా, చెరో చివరా అన్నది ట్యూబు మీది స్టిక్కర్‌లో ఉంటుంది. స్విచ్ ఆపినా రాత్రి మసకగా మెరుస్తుంటే, స్విచ్ న్యూట్రల్ తీగ మీద ఉందేమో చూపించాలి. అలా ఉంటే ఆపాక కూడా హోల్డరులో ఫేజు ఉన్నట్టే. ట్యూబు మార్చేవాళ్లకు షాక్ కొట్టవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి స్విచ్‌ను ఫేజు తీగకు మార్పించుకోవాలి.