పాలిమర్ క్లే నగలు, కాగితపు పని: ఎండదేశంలో కొత్తగా మొదలుపెట్టేవారికి

దోహాలో ఉగాదికో, బతుకమ్మకో, దీపావళికో మన తెలుగువాళ్ళం కలిసినప్పుడు, చీర అంచు రంగుకి సరిగ్గా సరిపోయే జుంకాలో లాకెట్టో ఎవరో ఒకరు పెట్టుకుని కనిపిస్తారు. ఎక్కడ కొన్నారని అడిగితే "కొనలేదండీ, ఇంట్లోనే చేశాను, పాలిమర్ క్లేతో" అంటారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. మట్టిని ఇంట్లో ఎలా కాలుస్తారు? ఆ ఓవెన్‌లో మళ్ళీ కేకు చేసుకోవచ్చా? పిల్లలకి పెట్టొచ్చా? కొన్నాళ్ళకి విరిగిపోవా?

నేను ముఐథర్‌లో మా ఇంట్లోనే ఈ నగలూ, వాటితో పాటు కాగితపు పనీ చేస్తుంటాను. తెలియనివారి కోసం చెప్తున్నాను, ముఐథర్ దోహా నగరానికి పడమరగా, అల్ రయ్యాన్ మునిసిపాలిటీలో ఉన్న నివాస ప్రాంతం. ఎండా, దుమ్మూ రెండూ పుష్కలం. ఈ పనికి ఆ రెండూ పెద్ద విషయాలే. అందుకే ఈ ప్రశ్నలకు సమాధానాలు ఒకచోట రాస్తున్నాను. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: విరిగిపోయే నగల్లో చాలావాటికి కారణం డిజైను కాదు, క్లే కాదు, సరిగ్గా కాలకపోవడం. అతిగా కాలితే అది నగకే కాదు, ఇంట్లోవాళ్ళ ఊపిరికీ మంచిది కాదు.

ఇది మట్టి కాదు

పేరులో క్లే ఉన్నా ఇందులో ప్రధానమైనది మట్టి కాదు. నీళ్ళ గొట్టాలకు వాడే పీవీసీ ప్లాస్టిక్‌నే సన్నటి పొడిగా చేసి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం, రంగులు కలిపి ముద్ద చేస్తారు. అందుకే ఇది గాలికి ఆరదు. వేడి తగిలినప్పుడు పీవీసీ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని, ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టి ముక్క అవుతుంది. టెర్రకోట నగల సంగతి వేరు. అది నిజమైన బంకమట్టి, దానికి కొన్ని వందల డిగ్రీల బట్టీ వేడి కావాలి. ఇంటి ఓవెన్‌లో పెడితే మట్టి ఆరుతుందే గానీ కాలదు.

మన ప్రాంతపు పనుల్లో దీనికి దగ్గరి చుట్టం హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజు. అక్కడా లక్కని వేడితో మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి, రాళ్ళు అద్దుతారు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే రంగు కూడా లక్కే, తిరిగే అంకుడు కర్రకి ఆ రాపిడి వేడితోనే అంటుకుంటుంది. ఇక బంగారం కాని నగ మనకేం కొత్త? మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు పెట్టుకోని ఊరు కోస్తాలో ఉండదేమో!

పాలిమర్ క్లే మాత్రం జర్మనీలో మొదలైంది. పేరున్న బొమ్మల తయారీదారు కేటే క్రూజె ఇంట్లో 1930ల చివర బొమ్మల తలల కోసం ఇలాంటి పదార్థాన్ని ప్రయత్నించారు. ఆవిడ కూతురు ముద్దుపేరు ఫిఫి. ఆ ముద్ద మీద పని చేసింది ఆమే. 1964లో ఆ ఫార్ములాని ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీకి ఇచ్చారు. ఫిమో అనే పేరులో ఉన్న ఫి ఆ ఫిఫీయే. ఇప్పుడు దాన్ని స్టెడ్లర్ కంపెనీ తయారు చేస్తోంది. అమెరికాలో 1960లలోనే స్కల్పీ వచ్చింది.

పిల్లల కోసం కొనేవాళ్ళు ఒక విషయం చూసుకోవాలి. ప్లాస్టిసైజర్లుగా వాడే థాలేట్లు కొన్నింటిని యూరోపియన్ యూనియన్ 2005లో చేసిన చట్టంతో, 2007 జనవరి నుంచి పిల్లల బొమ్మల్లో నిషేధించింది. అమెరికా 2008లో అలాంటి చట్టమే చేసింది. కాబట్టి థాలేట్లు లేవని ప్యాకెట్ మీద రాసి ఉన్న, పేరున్న కంపెనీ క్లే మాత్రమే కొనండి. ఎవరో అటకమీంచి తీసి ఇచ్చిన పాత ప్యాకెట్లు, పేరూ ఊరూ లేని రంగురంగుల ప్యాకెట్లు వద్దు.

ఏమేం కావాలి

మొదట్లో నాలుగు రంగులు చాలు: తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు. మామూలు ప్యాకెట్ 57 గ్రాములు ఉంటుంది, దాంతో చిన్న జుంకాలు చాలా జతలే వస్తాయి. వీటితో పాటు ఒక నున్నటి పింగాణీ టైల్, పదునైన బ్లేడు, సూది, గుండ్రటి రోలరు, బంగారు రంగు మైకా పొడి, నీళ్ళలో తడిపి వాడే సన్నరకం ఉప్పుకాగితం, ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటరు కావాలి. ఈ జాబితాలో మిగతావి లేకపోయినా సర్దుకోవచ్చు, థర్మామీటరు లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

వంటింటి వస్తువులు కూడా పనికొస్తాయి. పాత జంతికల గొట్టంలోంచి క్లే వత్తితే సన్నటి తీగలు చక్కగా వస్తాయి. చపాతీ కర్రతో ఒత్తొచ్చు. కానీ ఒకసారి క్లే తగిలిన వస్తువు మళ్ళీ వంటకి వాడకూడదు. దాన్ని విడిగా డబ్బాలో పెట్టి పేరు రాసెయ్యండి, లేకపోతే ఊరి నుంచి వచ్చిన అత్తగారు తెలియక జంతికలు వత్తేస్తారు.

ఎండ, దుమ్ము

ఇక్కడ వేసవిలో పగటి వేడి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో ఆపిన కారు లోపల ఇంకా చాలా ఎక్కువ. పచ్చి క్లే అలాంటి చోట ఉండిపోతే ప్యాకెట్‌లోనే కొంత ఉడికి, పొడిపొడిగా విరుగుతుంది. కొన్న రోజు నేరుగా ఇంటికి తెచ్చుకోండి. తెప్పించుకునేవాళ్ళు చలికాలంలో, అంటే నవంబరు నుంచి మార్చి లోపు తెప్పించుకుంటే మంచిది. ఇంట్లో చల్లని అలమారాలో పెట్టండి. పచ్చి క్లే కొన్ని రకాల ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది కాబట్టి అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బాలే వాడాలి.

దుమ్ము తెల్ల క్లేకి శత్రువు. టైల్ని తుడిచి, చేతులు కడుక్కుని, ముందు తెలుపు పని పూర్తి చేసి, తర్వాత లేత రంగులు, చివర్న ఎరుపూ నలుపూ పట్టుకోండి. వేళ్ళకి అంటిన రంగు హ్యాండ్ శానిటైజర్‌తో పోతుంది.

ఒక జత జుంకాలు

1. క్లేని అయిదు నిమిషాలు బాగా పిసకండి. పలచగా ఒత్తి మడిస్తే మడత దగ్గర పగుళ్ళు రాకూడదు. వస్తే ఇంకా పిసకాలి.

2. పేకముక్కలు రెండు దొంతరలుగా అటూ ఇటూ పెట్టి వాటి మీద రోలరు నడిపితే రేకు అంతటా ఒకే మందం వస్తుంది. 2 మిల్లీమీటర్లు సరిపోతుంది.

3. రేకుని గుండ్రంగా కోసి, గుండ్రటి స్టీలు చెంచా వీపు మీద మెల్లగా అద్దండి. బుట్ట ఆకారం వస్తుంది.

4. ఆవగింజంత ఉండలు చేసి అంచు చుట్టూ ముత్యాల వరుసలా అతికించండి. పైన సూదితో కన్నం ఇప్పుడే పెట్టాలి.

5. మైకా పొడిని మెత్తటి బ్రష్‌తో పచ్చి క్లే మీదే అద్దితే బంగారు మెరుపు వస్తుంది. చెంచాతో సహా కాల్చండి.

పూలూ తీగలూ ఉన్న డిజైన్లు కావాలంటే రంగుల కడ్డీ పద్ధతి ఉంది. రెండు రంగుల రేకులు ఒకదానిమీద ఒకటి వేసి, తాపేశ్వరం మడతకాజాలా చుట్టి, బ్లేడుతో అడ్డంగా కొయ్యండి. ప్రతి ముక్కలోనూ అదే సుడి కనిపిస్తుంది. ఇటలీ మురానో గాజు పూసలవాళ్ళ నుంచి వచ్చిన పద్ధతి ఇది, మిల్లెఫియోరీ అంటారు, అంటే వెయ్యి పూలు. పెద్ద పూసలకి లోపల అల్యూమినియం ఫాయిల్ ఉండ పెడితే బరువూ తగ్గుతుంది, క్లే కూడా కలిసొస్తుంది.

కాల్చడం

అసలు పరీక్ష ఇక్కడే. కంపెనీ కంపెనీకీ వేడి మారుతుంది. ఫిమోకి 110, స్కల్పీకి 130, కేటో పాలీక్లేకి 150 డిగ్రీల సెంటీగ్రేడ్ చెప్తారు. మీ ప్యాకెట్ మీద ఏముంటే అదే పాటించండి. అమెరికా వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు మరీ జాగ్రత్త! అక్కడ 275 అంటే ఫారెన్‌హీట్, మన లెక్కలో 135. ఇక్కడి ఓవెన్ డయల్‌ని 275 మీద పెడితే నగలు మాడి బొగ్గవుతాయి. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్ళూ గొంతూ మండుతాయి. అలా జరిగితే ఓవెన్ ఆపి, కిటికీలు తెరిచి, ముందు పిల్లల్ని బయటికి పంపెయ్యాలి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం లాంటివి వద్దు.

చిన్న ఓవెన్లలో డయల్ చూపే అంకెకీ లోపలి వేడికీ పదిహేను ఇరవై డిగ్రీల తేడా ఉండటం మామూలే. అందుకే థర్మామీటరు. ఖాళీ ఓవెన్‌ని ముందు వేడి చేసి, ముల్లు సరైన చోట నిలబడ్డాక నగల్ని టైల్ మీద పెట్టి, పైన ఫాయిల్ ట్రే బోర్లించండి. కడ్డీల వేడి నేరుగా తగిలితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. 6 మిల్లీమీటర్ల మందానికి సుమారు అరగంట. టైము ప్యాకెట్ మీద చెప్పినదానికన్నా కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, వేడి మాత్రం ఎక్కువ కాకూడదు. మైక్రోవేవ్‌లో అసలు వద్దు.

ప్రతిసారీ నగలతో పాటు 2 మిల్లీమీటర్ల రేకుముక్క ఒకటి కాల్చండి. పూర్తిగా చల్లారాక దాన్ని వంచి చూడండి. వంగితే నగ కాలినట్టు. పుటుక్కున విరిగితే లోపల ఇంకా కలవలేదన్నమాట, సరైన వేడిలో మళ్ళీ అరగంట పెట్టొచ్చు. ఎన్నిసార్లు పెట్టినా నష్టం లేదు. వేడిమీద మాత్రం పరీక్షించకండి, బాగా కాలిన క్లే కూడా అప్పుడు మెత్తగానే ఉంటుంది.

కేకు ప్రశ్నకి నా సమాధానం: వీలైతే క్లేకి విడిగా ఒక చిన్న ఓవెన్ పెట్టుకోండి. లేదంటే మూత బిగించిన ఫాయిల్ పెట్టెలో కాల్చి, ఓవెన్ చల్లారాక లోపల తుడిచి, ఆ తర్వాతే వంటకి వాడండి. ఒకేసారి రెండూ వద్దు.

మెరుపుకోసం గోళ్ళరంగు వెయ్యకండి. అందులోని ద్రావకాలు క్లేని మెత్తబరిచి, నెలల తర్వాత కూడా జిగటగా ఉంచుతాయి. నీళ్ళతో పలచన చేసే వార్నిషే వాడాలి. తడి ఉప్పుకాగితంతో 400, 600, 1000 నంబర్ల వరుసలో రుద్ది, పాత జీన్స్ గుడ్డతో తోమితే వార్నిష్ లేకుండానే నిగనిగలాడుతుంది. పొడిగా రుద్దితే ప్లాస్టిక్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే నీళ్ళు.

కాగితంతో

కాగితపు పనికి ఓవెన్ అక్కర్లేదు కాబట్టి పిల్లలతో మొదలుపెట్టడానికి ఇది మంచిది. క్విల్లింగ్‌లో 3 లేక 5 మిల్లీమీటర్ల వెడల్పు కాగితపు పట్టీల్ని చీలిక పుల్లతో చుట్టి, తెల్ల జిగురుతో అతికిస్తారు. బిగుతుగా చుట్టిన బిళ్ళని గోళీ మీద నొక్కితే బుట్ట అవుతుంది. లోపలివైపు జిగురు పూసి ఆరనివ్వాలి, లేకపోతే సాగిపోతుంది. తంగేడు, గునుగు దొరకని ఈ ఊళ్ళో క్రేప్ కాగితంతో బతుకమ్మ పూలు కూడా చేసుకోవచ్చు.

గ్రీటింగ్ కార్డులు, ఫ్రేములు చేసేవాళ్ళకి మన శుభలేఖలకి మించిన సరుకు లేదు. దళసరి అట్ట, బంగారు వినాయకుడు, పసుపు అంచు అన్నీ అందులోనే ఉంటాయి. తెలుగు దినపత్రిక ముక్కలు అతికిస్తే అందంగానే ఉంటుంది గానీ, ఆ కాగితంలో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి వెలుతురికి త్వరగా పచ్చబడుతుంది. ఎక్కువ కాలం ఉండాల్సిన వాటికి యాసిడ్ లేని కాగితం మీద లేజర్ ప్రింటు తీసి వాడండి. ఇంక్‌జెట్ రంగు జిగురు తడికి అలుక్కుపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇక్కడి గాలిలో తేమ పెరుగుతుంది, అప్పుడు కాగితపు నగలు మూత ఉన్న డబ్బాలో పెట్టాలి.

రెండూ కలిపితే

పచ్చి క్లేని కాగితం మీద పెడితే ప్లాస్టిసైజర్ కాగితంలోకి దిగి నూనె మరక పడుతుంది. అందుకని కార్డు మీద పెట్టాల్సిన క్లే పువ్వుని విడిగా కాల్చి, చల్లారాకే అతికించాలి. ఇదే గుణం ఇంకోచోట పనికొస్తుంది. క్లే మరీ జిగురుగా ఉంటే రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. ఎక్కువైన ద్రవాన్ని కాగితం పీల్చేసుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అక్షరాల లాకెట్టు. తెలుగు అక్షరాన్ని లేజర్ ప్రింటరులో అద్దంలో కనిపించినట్టు తిరగేసి ప్రింటు తీసి, అచ్చు ఉన్న వైపు పచ్చి క్లేకి ఆనించి, వేలితో బాగా రుద్ది అరగంట వదిలెయ్యండి. తర్వాత కాగితాన్ని తడిపి మెల్లగా రుద్ది తీసేస్తే టోనరు క్లేకి అంటుకుని ఉంటుంది. తడి ఆరాక కాల్చాలి. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా తమ పేరులో మొదటి అక్షరం మెడలో ఉంటే దాన్ని గుర్తుపడతారు. బడిలో పక్కపిల్ల అదేమిటని అడిగితే చెప్పడం కోసమైనా నేర్చుకుంటారు.

ఇతరులకి ఇచ్చేముందు

బహుమతిగా ఇచ్చినా, అమ్మినా ఈ నాలుగూ చూసుకోండి. వంపు పరీక్ష నెగ్గిందా? కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువో, వెండివో, నికెల్ లేనివో? నికెల్ చాలామందికి చెవి దగ్గర దురద తెస్తుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇస్తున్నామా? అయితే ఇవ్వకండి. తినే తాగే గిన్నెల మీద క్లే పని చేశామా? అదీ వద్దు. కొనేవాళ్ళకి అది టెర్రకోట కాదు, పాలిమర్ క్లే అని స్పష్టంగా చెప్పండి. ఖతార్‌లో అమ్మకం మొదలుపెట్టే ముందు మీ వీసాకి వర్తించే లైసెన్సు నిబంధనలు వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ నుంచి తెలుసుకోండి.

ధర దగ్గర మనవాళ్ళు మొహమాటపడతారు. క్లే ఖరీదు కొంచెమే, కానీ పిసకడం, ఒత్తడం, కాల్చడం, రుద్దడం అన్నీ కలిపితే ఒక జతకి రెండు గంటల పైనే పడుతుంది. ఆ గంటలు లెక్కలో వెయ్యకుండా ఇస్తే, తర్వాత చేసేవాళ్ళకి కూడా ఆ ధరే అడుగుతారు. స్నేహితులకి ఊరికే ఇవ్వాలనుకుంటే సంతోషంగా ఇవ్వండి. అమ్మేటప్పుడు మాత్రం మీ టైముకి విలువ కట్టండి.

మొదటి వారం నగ జోలికి పోకుండా, ఒక ప్యాకెట్ తెచ్చుకుని చిన్న రేకుముక్కలు మూడు, అరగంట, ముప్పావుగంట, గంట చొప్పున కాల్చి వంచి చూడండి. మీ ఓవెన్ స్వభావం అప్పుడే తెలిసిపోతుంది. దాన్ని బట్టి జుంకాలు రెండో వారంలో మొదలుపెట్టొచ్చు.