సారమేయుని అడ్డంకుల పరుగు

కొండాపూర్‌లో చెత్తదిబ్బగా ఉండిన 1.3 ఎకరాల నేలలో 2018లో నగరపాలక సంస్థ కుక్కలకొక ఉద్యానం నెలకొల్పింది. సాఫ్టువేరు వారి అపార్టుమెంట్లలో పెరిగే శునకాలకు అంతకుమునుపు కాలుసాగే చోటేదీ? అక్కడి శిక్షణ పరికరాలు చూచి ‘ఎజిలిటీ’ పుట్టుపూర్వోత్తరాలు వెదికాను.

1978లో లండన్ క్రఫ్ట్స్ శునక ప్రదర్శనలో, పోటీల విరామవేళ ప్రేక్షకుల వినోదార్థం జాన్ వార్లీ, పీటర్ మీన్‌వెల్ కల్పించిన క్రీడ ఇది. గుర్రాలు అడ్డంకులు దూకే పందెమే దీనికి మాతృక. పరుగులో గొలుసు ఉండదు. నడిపించేవారు కుక్కను తాకరాదు, తిండి చూపరాదు. కంఠమూ, చేతిసైగా మాత్రమే. కడ్డీ పడినా, ఏటవాలు బల్ల దిగువ రంగుపట్టెపై కాలు మోపకున్నా తప్పే.

ఇది చదివినప్పుడు నాకు చురుక్కుమన్నది. నన్నయ భారతంలో జనమేజయుని తమ్ములు నిష్కారణంగా కొట్టిన సారమేయుని కథ ఎన్నో తరగతులకు చెప్పాను మిత్రులారా, బల్లపై బెత్తం పెట్టుకొనే!