గెడ్డకి గేటు పాసు

విశాఖపట్నం ఓ నది ఒడ్డున పుట్టిన ఊరు అంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. "ఏ నది?" అన్నారు. బీచ్ ఉండగా ఇంకా నదెందుకు అన్నట్టు చూశారు. వాళ్ళని అని ఏం లాభం, ముప్పై దాటేదాకా నాకూ తెలీదు.

మాది రావికమతం. మాకు నీళ్ళంటే కళ్యాణపులోవ రిజర్వాయరు, చుట్టుపక్కల గెడ్డలు. ఉత్తరాంధ్రలో వాగుని గెడ్డ అంటాం. అందులో దిగడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. గేదెలకెంత హక్కో మాకూ అంతే. ఇంజనీరింగ్‌కి వైజాగ్ వచ్చాక ఆ మాటకి ఇంకో అర్థం తెలిసింది: మురుక్కాలవ.

ఆ నది పేర్లోనూ గెడ్డే ఉంది. మేఘాద్రిగెడ్డ, నరవ గెడ్డ ఊరికి పడమటి పల్లంలోకి దిగి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సముద్రంలో పడతాయి. చివర్లో అది ఉప్పుటేరు. పోటుకి సముద్రం లోపలికొచ్చేది, పాటుకి వెనక్కి పోయేది. మధ్యలో బురద నేలలు, మడ చెట్లు. పాత ఊరు ఆ ఏటి మొగ దగ్గరే లేచింది. మొగకి అడ్డంగా ఇసుక మేట ఉండటంతో పెద్ద ఓడలు లోపలికి రాలేక బయటే లంగరు వేసేవి. సరుకు మసూలా పడవల్లో ఒడ్డుకి చేరేది. అంటే ఓడల్ని ఆపిన ఆ ఇసుకే ఏటిని చిన్న పడవలకి వదిలిపెట్టింది.

1877లోనే ఓ బ్రిటిష్ నివేదిక విశాఖని సెంట్రల్ ప్రావిన్సెస్‌కి రేవుగా చూపించింది. అక్కడి మాంగనీసు ఖనిజానికి సముద్రం దారి కావాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఈ మొగ దగ్గరే హార్బర్ కట్టొచ్చన్నాడు. మేటని తవ్వారు, బురదని తోడారు. అలల నుంచి కాపు కోసం జానస్, వెల్లెస్‌డన్ అనే రెండు పాత ఓడల్ని కావాలనే ముంచేశారు! ఇంజనీరు బుర్రకి ఇది చదువుతుంటే ముచ్చటేస్తుంది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు.

తర్వాత ఒడ్డు ముక్కలు ముక్కలుగా లోపలికెళ్ళిపోయింది. 1941లో సింధియా షిప్‌యార్డుకి శంకుస్థాపన. 1948లో అక్కడ కట్టిన జల ఉషని నెహ్రూ నీళ్ళలోకి దింపాడు. 1957లో రిఫైనరీ, 1967లో ఎరువుల కర్మాగారం, మరోపక్క నౌకాదళం. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డ హార్బర్ ఇది. కాపలా ఎందుకని ఎవరూ అడగలేరు. ఒక్కో గోడకీ ఒక్కో మంచి కారణం ఉంది. గోడలన్నీ కలిశాక మాత్రం ఊరికి నది కనపడటం మానేసింది.

దీన్ని దోపిడీ అని ఒక్క ముక్కలో తేల్చేద్దామంటే నాకు నోరు రాదు. మా పెదనాన్న హార్బర్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళో మా పెంకుటిల్లు డాబా అయింది ఆ జీతంతోనే. కానీ అన్నేళ్ళు ఆ నీళ్ళ పక్కనే గడిపినా, పిల్లల్ని ఒక్కసారి కూడా తీసుకెళ్ళి చూపించలేకపోయాడు. పాసు ఆయన ఒక్కడికే.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి ఎవరూ గోడ కట్టలేరు. పన్నెండేళ్ళకోసారి పుష్కరాలకి జనం వచ్చి తమ హక్కుని మళ్ళీ రాసుకుని పోతారు. లండన్‌లో డాక్‌లు మూతపడి కిందికి తరలాక థేమ్స్ వెంట నడకదారి వచ్చింది, 1996లో తెరిచారు. మన ఉప్పుటేరుకి పుష్కరం లేదు, పోర్టు మూతపడే ప్రశ్నా లేదు. 2023లో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు గానీ, అది టికెట్ కొన్నవాళ్ళకి.

గోడ కడితే నీళ్ళు ఆగిపోవు కదా. పోర్టు అడ్డుపడటంతో దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుక ఆగిపోయి, ఆర్కే బీచ్ కోసుకుపోతోంది. అందుకే హార్బర్ దగ్గర తవ్విన ఇసుకని తెచ్చి అక్కడ పోస్తారు. సాయంత్రం మనం మొక్కజొన్న పొత్తులు తింటూ నించునే ఇసుకలో కొంత ఆ మొగ దగ్గరదే! వానలు గట్టిగా పడి పోటు కూడా తోడైతే మేఘాద్రిగెడ్డ సముద్రంలోకి పోలేదు. పల్లంలో ఉన్న ఎయిర్‌పోర్టు వైపు ఎగదన్నుతుంది. అప్పుడు మాత్రం నది ఉందని అందరికీ గుర్తొస్తుంది.

మామూలు రోజుల్లో పాసు లేకుండా నదిని చూడాలంటే పాతపట్నం కొండలెక్కాలి. ఒక కొండ మీద మేరీమాత గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వెంకన్న. ఏ దేవుడి మెట్లెక్కినా కింద చానెల్ కనిపిస్తుంది. మొన్న పెదనాన్ననీ, ఆయన మనవరాల్నీ తీసుకెళ్ళాను. ఆయన దండం పెట్టుకోవడం కూడా మర్చిపోయి వేలు చూపించాడు. "అదిగో, ఆ క్రేన్ అవతల కేరేజీలు విప్పీవోళ్ళం. పోటొస్తే నీరు మెట్ల దాకా వచ్చీది."

పాప చాలాసేపు చూసి అడిగింది: "తాతా, అక్కడికి ఎప్పుడెళ్దాం?"

పెదనాన్న నా వైపు చూశాడు.