పాత ల్యాప్‌టాప్‌లో బొమ్మ ఆగకుండా

సెకనుకు 25 ఫ్రేములతో నడిచే వీడియోలో ఒక్కో ఫ్రేముకు దక్కేది 40 మిల్లీసెకన్లు. అంతలోనే ప్రాసెసర్ కుదించిన డేటాను విప్పి, బొమ్మను తెరమీదికి పంపాలి. ఆలస్యమైతే ఫ్రేములు జారిపోతాయి. మాట ముందు వినబడి, పెదవులు తర్వాత కదులుతాయి. ఫ్యాన్ హోరెత్తుతుంది. ఈ అవస్థ తీర్చడానికి పాతికేళ్లుగా జరుగుతున్న కృషిలో పెద్దవాటా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవారిదే.

1996లో ఫ్రాన్స్‌లోని ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు శాటిలైట్ టీవీని క్యాంపస్ నెట్‌వర్క్ మీదుగా తమ కంప్యూటర్లలో చూడాలనుకున్నారు. అందుకు మొదలుపెట్టిన పని నుంచే వీఎల్‌సీ ప్లేయర్ పుట్టింది. 2001 ఫిబ్రవరి 1న కళాశాల ఒప్పుకోవడంతో అది జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరి సొత్తయింది. అంతకు ముందే, 2000లో, ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెలార్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌కు శ్రీకారం చుట్టాడు. వీఎల్‌సీతో పాటు ఎన్నో ప్లేయర్లు వీడియోను విప్పడానికి దాని లైబ్రరీలనే వాడుకున్నాయి.

2003లో వచ్చిన హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతి ఫైలు సైజును బాగా తగ్గించింది, విప్పే పనిని మాత్రం పెంచింది. ఆ భారం మోయడానికి చిప్ తయారీదారులు ప్రత్యేక సర్క్యూట్లు పెట్టారు. 2011 నాటి ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌లో హెచ్.264కు అలాంటి ఏర్పాటుంది. తర్వాత వచ్చిన ఏవీ1 అనే కుదింపు పద్ధతికి ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో ఆ సదుపాయం 2020లో టైగర్ లేక్‌తో గానీ రాలేదు. కాబట్టి 2012లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఏవీ1 వీడియో పెడితే బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

ఈ లోటును పూడ్చడానికి వీఎల్‌సీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ బృందాలవారు 2018లో డేవిడ్ అనే ఏవీ1 డీకోడర్‌ను ప్రకటించారు. అందులో వేగం కావలసిన భాగాలను చేత్తో అసెంబ్లీ భాషలో రాశారు. మొదట ఏవీఎక్స్2 ఆదేశాలున్న ప్రాసెసర్లకు రాశారు. ఇంటెల్‌లో అవి 2013 నుంచే ఉన్నాయి. అక్కడితో ఆగకుండా, 2006లోనే వచ్చిన ఎస్ఎస్ఎస్ఈ3 ఆదేశాలకూ అదే శ్రమ పడ్డారు. పదేళ్లు దాటిన యంత్రాలనూ లెక్కలోకి తీసుకున్న పని అది.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు దాన్ని మూలన పడేసేముందు ప్లేయర్‌ను అప్‌డేట్ చేసి, హార్డ్‌వేర్ డీకోడింగ్ (ఆ ప్రత్యేక సర్క్యూట్లతో వీడియోను విప్పడం) ఆన్‌లో ఉందో లేదో చూడాలి. వీలున్నచోట హెచ్.264 వీడియోనే ఎంచుకోవాలి. అప్పటికీ తడబడితే 1080పీ బదులు 720పీ పెట్టి చూడాలి; ప్రతి ఫ్రేములో విప్పాల్సిన పిక్సెళ్లు సగానికంటే ఎక్కువ తగ్గుతాయి.