వైద్యుని చీటీ: ఒక వృత్తి చరిత్ర

మర్దనమనగానే మనకు పండుగనాటి తలంటులు, తాలింఖానాలోని వస్తాదులు జ్ఞప్తికి వచ్చుట సహజము. విరిగి అతికిన చేతికి, పక్షవాతముచే పడిపోయిన కాలికి మరల చలనము తెచ్చు విద్యగా అది వైద్యశాలలలో ప్రవేశించి, వ్యాయామమును విద్యుచ్ఛక్తిని తోడు చేసికొని, నేడు ఫిజియోథెరపీ అను పేర ప్రసిద్ధి కెక్కినది. ఈ విద్య నేర్చినవారు రోగిని తమంతట తాము పరీక్షించి చికిత్స చేయవచ్చునా, లేక వైద్యుడు వ్రాసిచ్చిన చీటీ ప్రకారమే నడువవలెనా అను వివాదము చాలకాలము సాగినది. దాని మూలము తెలియవలెనన్న మనము 1894 నాటి లండను నగరమునకు పోవలెను.

ఆ సంవత్సరము బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రిక లండనులోని కొన్ని మర్దనశాలల గుట్టు బయటపెట్టెను. చికిత్స అను పేరు చాటున వ్యభిచారము సాగుచున్నదని ఆరోపించెను. నిజముగా విద్య నేర్చి రోగులకు సేవ చేయుచుండిన స్త్రీలకు ఈ అపకీర్తి పిడుగుపాటైనది. అప్పుడు నర్సు వృత్తిలో నున్న నలుగురు స్త్రీలు, లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనువారు, శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘమును స్థాపించిరి. వారు విధించుకొన్న నియమములు కఠినమైనవి. వైద్యుని ఆదేశము లేనిదే ఎవరికిని మర్దనము చేయరాదు. పురుషులకు సాధారణ మర్దనము చేయరాదు. వైద్యపత్రికలలో తప్ప ప్రకటనలు వేయింపరాదు. రోగులకు మందు లమ్మరాదు.

ఇందు మొదటి నియమము మా దృష్టిలో ఒక బేరము. వైద్యుల ఆజ్ఞకు లోబడుదుమని వారు మాట యిచ్చిరి. అందుకు ప్రతిగా వైద్యుల విశ్వాసమును, లోకుల గౌరవమును పొందిరి. నేడు దానిని దాస్యమని తీసిపారవేయుట సులభమే. కాని ఆనాడు బ్రిటనులో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు సైతము లేదు. పరువు పోయిన ఆడుదానికి జీవనోపాధియు పోయెడిది. వారిని మేము తప్పుపట్టజాలము.

1914లో మహాయుద్ధము వచ్చినది. గాయపడిన సైనికులు వేలకు వేలు వైద్యశాలలకు చేరిరి. మర్దనకారిణులే వారి కాలుసేతులను సరిచేయవలసి వచ్చెను. పురుషులను గూర్చిన నియమ మేమైనదో వేరుగా చెప్పనక్కరలేదు! 1920లో సంఘమునకు రాజశాసనము లభించెను. 1944లో ఫిజియోథెరపీ అను మాట దాని పేరులో చేరెను.

పేరు మారెను గాని బేరము మారలేదు. శరీరనిర్మాణ శాస్త్రమును ఏండ్లతరబడి చదివి, పరీక్షలు నెగ్గి వచ్చిన చికిత్సకురాలు దినదినము రోగి కీలును చేతపట్టి చూచును. అయినను ఏ చికిత్స చేయవలెనో ఎప్పుడో ఒకసారి చూచిన వైద్యుడు నిర్ణయించును. వైద్యుల సందేహమును నిరాధారమైనది కాదు. నడుమునొప్పి వెనుక పుట్టకురుపు దాగియుండవచ్చును. దానిని కనిపెట్టలేనివారికి స్వాతంత్ర్యమిచ్చిన నష్టపోవునది రోగియే. చీటీ ఒక సంకెల యగుట యెంత నిజమో, తప్పు జరిగినపుడు దాగుటకు చాటగుటయు నంతే నిజము.

1976లో ఆస్ట్రేలియాలోని వృత్తిసంఘము, వైద్యుడు పంపనిదే రోగిని చూడరాదను నియమమును తానే కొట్టివేసెను. మరుసటి యేట బ్రిటిషు ప్రభుత్వము ఒక ఉత్తరువులో, చికిత్స యెట్టిదిగా నుండవలెనో నిర్ణయించు సామర్థ్యము చికిత్సకులకు కలదని అంగీకరించెను. 1894 నుండి లెక్కించిన 83 ఏండ్లు! ఆ మీదట 2013లో ప్రత్యేక శిక్షణ పొందినవారికి స్వతంత్రముగా మందులు వ్రాయు అధికారము సైతము బ్రిటనులో లభించెను. మందు లమ్మరాదని ప్రతినబూనిన ఆ నలుగురు ఇది విన్న ఏమనెడివారో! అమ్ముట వేరు, వ్రాయుట వేరు అని సమాధానపడెడివారేమో.

మన దేశమున 2021లో పార్లమెంటు చేసిన ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టము ఫిజియోథెరపిస్టు స్వతంత్రముగా గాని, ఇతర వృత్తులవారితో కలిసి గాని పనిచేయవచ్చునని నిర్వచించినది. ఆ నిర్వచనమందే, అట్టివారు కనీసము పట్టభద్రులై యుండవలెనను నిబంధనయు కలదు.