ఉత్తరాలు కాలిన నెలలో పుట్టిన నవల

1860 సెప్టెంబరు 3. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, గ్యాడ్స్ హిల్ ఇంటి వెనక చార్లెస్ డికెన్స్ మంట వేశాడు. ఇరవై ఏళ్లుగా తనకొచ్చిన ఉత్తరాలను పిల్లలు బుట్టల్లో మోసుకొచ్చారు. అన్నీ బూడిదయ్యాక ఆ నిప్పుల్లో ఉల్లిపాయలు కాల్చుకున్నారు. మోసినవాళ్లలో పదకొండేళ్ల హెన్రీ కూడా ఉన్నాడు.

ఆ నెలలోనే ఆయనకు 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' ఆలోచన తట్టింది. అది గతం వదలని మనుషుల కథ.

నెలకో భాగంగా తీరిగ్గా రాద్దామనుకున్నాడు. కానీ సొంత వారపత్రిక 'ఆల్ ది ఇయర్ రౌండ్'లో చార్లెస్ లీవర్ సీరియల్ పాఠకులకు పట్టక అమ్మకాలు పడిపోతున్నాయి. దాంతో తన కథనే వారం వారం ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. మొదటి భాగం డిసెంబరు 1న వచ్చింది.

మొదటి భాగాలు రాస్తున్న రోజుల్లో, పదేళ్ల నాటి 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' మళ్లీ చదివాడు. రెండింట్లోనూ తల్లిదండ్రులు లేని కుర్రాడు తన కథ తానే చెప్పుకుంటాడు కదా, రాసిందే మళ్లీ రాస్తున్నానేమోనన్న జంకు. చదువుతుంటే మనసు ఎంత కదిలిందో స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్‌కు రాశాడు. ఎందుకు కదిలిందో ఫార్‌స్టర్‌కు తెలుసు.

1824లో తండ్రి జాన్ డికెన్స్ 40 పౌన్ల 10 షిల్లింగుల బాకీ తీర్చలేక లండన్‌లోని మార్షల్సీ జైలు పాలయ్యాడు. పన్నెండేళ్ల చార్లెస్‌ను అప్పటికే థేమ్స్ ఒడ్డున, ఎలుకలు తిరిగే ఓ పాత కొంపలో పనికి పెట్టారు. బూట్లకు పూసే నల్లరంగు జాడీలకు కాగితం చుట్టి, దారం కట్టి, చీటీ అంటించాలి. వారానికి ఆరేడు షిల్లింగులు. జైలు నుంచి వచ్చాక కొంతకాలానికి తండ్రి ఆ పని మాన్పించాడు. తల్లి మాత్రం మళ్లీ పంపాలనే చూసింది. ఆ సంగతి డికెన్స్ మరవలేదు. పాతికేళ్ల తర్వాత ఇదంతా కాగితాల మీద పెట్టి ఫార్‌స్టర్ చేతికిచ్చాడు. అందులో చాలా వాక్యాలు కాపర్‌ఫీల్డ్‌లోకి నడిచి వచ్చాయి; రంగు జాడీలు వైన్ సీసాలయ్యాయి.

కొత్త నవలలో మాత్రం ఆ గాయం దిక్కు మార్చుకుంది. డేవిడ్‌ను వెంటాడేది తనకు జరిగిన అన్యాయం. ఈ నవల కథానాయకుడు పిప్‌ను వెంటాడేది తాను చేసినది. కన్నబిడ్డలా పెంచిన కమ్మరి బావ జోను చూసి సిగ్గుపడ్డాడు. చిన్నప్పుడు భయంతో తిండి పెట్టిన ఖైదీ మ్యాగ్విచ్, ఏళ్ల తర్వాత ఓ రాత్రి గదిలోకి వచ్చి, నిన్ను పెద్దమనిషిని చేసిన డబ్బు నాదేనంటాడు. దాచుకున్న గతం మెట్లెక్కి వచ్చే ఆ ఘట్టానికి సాటి రాగలది నాకు మరొకటి కనబడదు.

ఇదే నవలలోని మిస్ హావిషమ్ సరేసరి. పెళ్లినాడు మోసపోయిన ఘడియ దగ్గరే, తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు, ఇంట్లో గడియారాలన్నీ ఆపేసింది. ఒంటి మీద అదే పెళ్లిగౌను పసుపెక్కింది, బల్ల మీద కేకు సాలీళ్లకు ఇల్లయింది. తల్లిని క్షమించలేని మనిషే పగను పెంచుకున్న ఈ ముసలమ్మను సృష్టించాడు. చివరకు పిప్ చేత ఆమెను క్షమింపజేశాడు. అది రాస్తున్నప్పుడు తల్లి ఆయన మనసులో మెదిలే ఉంటుందని నా నమ్మకం.

కథ జరిగే చోటు కూడా పాతదే. గ్యాడ్స్ హిల్, చిన్నప్పుడు తండ్రితో నడిచి వెళ్తూ ఆశగా చూసిన ఇల్లు, 1856లో కొనుక్కున్నాడు. అక్కడికి కొన్ని మైళ్లలో, బురదనేలల అంచున కూలింగ్ చర్చి. దాని ఆవరణలో వరసగా పసిపిల్లల చిన్న సమాధులు. పిప్ అన్నదమ్ముల సమాధులు ఆయనకు అక్కడే దొరికాయి.

1869 క్రిస్మస్ నాడు ఇంట్లో జ్ఞాపకశక్తి ఆట ఆడుతున్నారు. ఒకరి తర్వాత ఒకరు మాట చేరుస్తూ, ముందువన్నీ వప్పజెప్పాలి. తన వంతు వచ్చినప్పుడు డికెన్స్, గొంతు అదోలా మార్చి, 'వారెన్స్ బ్లాకింగ్, 30, స్ట్రాండ్' అన్నాడు. అది చిన్నప్పటి ఆ నల్లరంగు జాడీల పనిని తలపించే మాట. కొడుకు హెన్రీ అక్కడే ఉన్నాడు. ఆ మాటకు అర్థం, మరుసటి ఏడాది తండ్రి పోయాక, ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర వస్తేగానీ అతనికి తెలియలేదు.